సోదా గారి స్కానర్

సోదా గారు దేన్నీ నమ్మరు. మనుషుల్ని నమ్మకపోవడం మనందరికీ అలవాటే, అందులో గొప్పేమీ లేదు. ఆయన వస్తువుల్ని కూడా నమ్మరు. తాళం వేశాక గుంజి చూస్తారు. గుంజాక దానివంక అనుమానంగా చూస్తారు. మెట్లు దిగి మళ్ళీ ఎక్కి వస్తారు, తాను లేని ఆ కాసేపట్లో అది మనసు మార్చుకుందేమోనని. గోడ గడియారం పది అంటే ఫోన్‌ని అడుగుతారు. ఫోన్ కూడా పది అంటే, రెండూ కూడబలుక్కున్నాయంటారు.

ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆఫీసులో అది ఎవరికీ గుర్తులేదు. ప్రతిదానికీ "ఏదీ, ఓసారి చూడనీ" అంటూ సోదా మొదలుపెడతారు గనక సోదా గారయ్యారు. ఆయన మీద కోపం వచ్చినవాళ్ళు ఆ పేరు చివరి దీర్ఘం తీసేసి గుడి పెట్టి పిలిచేవాళ్ళు. వారంలో చాలా రోజులు గుడితోనే పిలిచేవాళ్ళు.

ఆ ఆఫీసులోనే ఆయన అన్నకూతురు ప్రోగ్రామర్‌గా చేరింది. చేరిన రోజే ఆయన ఆమెను వరండాలోకి పిలిచారు.

"అమ్మాయ్, ఇక్కడ నేను నీకు బాబాయిని కాను."

"మరి ఏమవుతావు?"

"ఏమీ కాను. మనవాళ్ళని చూసీ చూడనట్టు పోతున్నానని జనం అనుకుంటారు. అందుకని నీ పని మాత్రం రెండుసార్లు చూస్తాను."

"అదేం న్యాయం బాబాయ్?"

"ఇదిగో, అప్పుడే అనేశావు."

ఆమె ఉండేది కూడా బాబాయి ఇంట్లోనే కాబట్టి సోదా సంగతి ఆమెకి కొత్త కాదు. పాల ప్యాకెట్ వస్తే ఆయన తేదీ చూసేవారు, వాసన చూసేవారు, కాచాక ముందు తానొక గుక్క తాగి కాసేపు కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేవారు. తనకేమీ కాలేదని తేలాకే అందరికీ పొయ్యమనేవారు.

"ఒకవేళ మీకేమన్నా అయితే?" అని పిన్ని అడిగింది ఒకసారి.

"మిగతావి పారబొయ్యి."

పొద్దున్న ఆఫీసుకి దిగేటప్పుడు తమ తాళంతో ఊరుకోక, దారిలో ఉన్న వాటాలన్నిటి తలుపులూ గుంజుకుంటూ దిగేవారు. కింది వాటాలో ఉండే నర్సు అప్పుడే డ్యూటీ దిగివచ్చి పడుకునేది.

"ఎవరండీ అది? లోపల నేనున్నాను!"

"నువ్వేనని నమ్మకమేమిటి?" అని తలుపుని ఇంకోసారి గుంజేవారు. ఆ నర్సు ఆయన్ని ఏమనేదో ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఇక ఆ కంపెనీ చేసేదేమిటంటే, పళ్ళ డాక్టర్ల ఆసుపత్రులకి సాఫ్ట్‌వేర్. ఎవరు ఎన్నింటికి రావాలి, ఎవరి పన్ను పీకారు, ఎవరిది పీకబోతున్నారు, ఆ ఎక్స్‌రేలు ఎక్కడున్నాయి, అన్నీ అందులోనే. యజమాని ఒకప్పుడు ఆ డాక్టర్లకి కుర్చీలు అమ్మేవాడు. కోడ్ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. తెలిస్తే అంత బాగా అమ్మగలిగేవాడు కాదని అందరి నమ్మకం.

కోడ్ రాసేవాళ్ళలో మొనగాడు మెరుపు. వేళ్ళు కనిపించనంత వేగంగా రాస్తాడని ఆ పేరు. అతను రాసింది ఎంత వేగంగా తయారవుతుందో అంతే వేగంగా కూలుతుందని అతనంటే గిట్టనివాళ్ళు అనేవారు. గిట్టేవాళ్ళు కూడా అనేవారు.

ఇలా ఉండగా, ఇలాంటి వ్యాపారమే చేసే ఇంకో కంపెనీలో ఎవడో చొరబడి రోగుల వివరాలన్నీ ఎత్తుకుపోయాడు. పళ్ళ డాక్టర్లు బెదిరిపోయి ఇక్కడికి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. "మీరేం జాగ్రత్తలు తీసుకుంటున్నారు?" అన్న ప్రశ్నకి యజమాని దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు మీటింగ్ పెట్టడం ఆయనకి అలవాటు.

"మన కోడ్‌ని ఎవరన్నా జాగ్రత్తగా చూస్తూ ఉండాలయ్యా. ఎవరి వల్ల అవుతుంది?"

గదిలో ఉన్న తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. సోదా గారు మాత్రం, తన వెనక ఎవరన్నా ఉన్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నారు.

వాళ్ళందరూ రాసే కోడ్ వచ్చి చేరే ఉమ్మడి కొట్టు ఒకటుంటుంది. రిపాజిటరీ అంటారు. ఆ కొట్టు గుమ్మంలో సోదా గారు ఒక స్కానర్‌ని కూర్చోబెట్టారు. ఎవరు ఏం తెచ్చినా అది దానంతటదే తనిఖీ చేస్తుంది. మూటలో పాస్‌వర్డ్ ఏదన్నా మరిచిపోయారా? బయటినుంచి తెచ్చుకున్న కోడ్‌లో నలుగురికీ తెలిసిన చిల్లులున్నాయా? రోగి టైపు చేసింది ఏ అడ్డూ లేకుండా తిన్నగా డేటాబేస్‌లోకి దూరిపోతోందా? తేడా కనిపిస్తే లోపలికి రానివ్వదు. అంటే, జీతం అడగని, నిద్రపోని ఇంకో సోదా గారన్నమాట. ఒక్కరినే భరించలేక చస్తున్న ఆఫీసు ఈ శుభవార్తకి ఎంత పొంగిపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మొదటి రోజు స్క్రీన్లన్నీ ఎర్రబడ్డాయి. ఎవరు తెచ్చిన కోడూ గుమ్మం దాటలేదు. పాస్‌వర్డ్ అన్న మాట కనిపిస్తే చాలు, ఆ మాట ఎందుకుందో కూడా చూడకుండా కేకలు పెట్టింది. మెరుపు రాసినదాంట్లో పంటి మందు పేరొకటి నోరు తిరగనట్టుగా, బారెడు పొడుగున ఉంటే, అదేదో రహస్యమైన తాళంచెవి అని పట్టేసుకుంది.

"గురువుగారూ, అది మందు పేరండీ!"

"ఎవరన్నారు?"

"డాక్టర్లు."

"ఏదీ, ఓసారి చూడనీ" అని సోదా గారు చెప్పులు తొడుక్కుని వీధి చివర మందుల షాపుకి వెళ్ళారు. సీసా కొనుక్కొచ్చి, మూత తీసి వాసన చూసి, పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "ఉంది" అన్నారు. అప్పుడుగానీ ఆ మందుకి విడుదల దొరకలేదు.

స్కానర్లో ఒక వెసులుబాటుంది. కోడ్‌లో ఏదన్నా వరుస పక్కన 'దీన్ని వదిలెయ్' అన్న గుర్తు పెడితే అది చూడకుండా వదిలేస్తుంది. మెరుపు తన ప్రతి ఫైలు నెత్తినా ఆ గుర్తు పెట్టేసి, సాయంత్రం కాకముందే ఈలవేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. మర్నాడొచ్చేసరికి స్కానర్ ఆ గుర్తున్న చోటే ముందు వెతకడం నేర్చుకుని ఉంది.

"వదిలెయ్ అన్నావంటే అక్కడేదో ఉందన్నమాటేగా" అన్నారు సోదా గారు, చాలా మర్యాదగా.

ఆ రోజంతా ఆఫీసు ఆయన్ని గుడితోనే పిలిచింది.

ఆ వారంలోనే అన్నకూతురికీ గండం వచ్చింది. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పెట్టిన పాస్‌వర్డ్‌ని తీసేయడం మరిచిపోయి కోడ్‌ని కొట్టులోకి పంపింది. పంపిన వెంటనే ఆమె స్క్రీన్ మూల చిన్న చీటీ ఒకటి వచ్చింది. "ఈ వరుసలో పాస్‌వర్డ్ వదిలేశావు. తీసేసి, కొత్తది పెట్టుకో. ఇంకెవరూ చూడలేదు."

ఆమెకి చెవులు వేడెక్కాయి. అటూ ఇటూ చూసి గబగబా సరిచేసింది. సాయంత్రం ఇంట్లో బాబాయి ఏమంటారోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆయన గ్యాస్ మీట తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూసి, పడుకోవడానికి వెళ్ళిపోయారు.

'బాబాయిని కానన్నాడు గానీ, ఎంతైనా బాబాయే' అనుకుంది ఆమె. నా ఒక్కదానికోసం ఇంత ఏర్పాటు చేశాడని బయట తెలిస్తే బాగుండదని ఎవరికీ చెప్పలేదు. పైగా, పక్షపాతం చూపించినందుకు బాబాయి మీద కాస్త చిన్నచూపు కూడా కలిగింది.

తర్వాత సోదా గారు పాత కోడ్ మీద పడ్డారు. ఆ కొట్టులో ఒకసారి పెట్టింది తీసేసినా పోదు. పైన కనిపించదు గానీ, తవ్వితే అడుగున అలాగే ఉంటుంది. స్కానర్‌ని అడుగంటా తవ్వమన్నారు. తవ్వింది. రోగుల వివరాలన్నీ దాచిన డేటాబేస్ అసలు తాళంచెవి అడుగున నిక్షేపంలా దొరికింది. ఎవడో మహానుభావుడు దాన్ని కోడ్‌లో రాసి, పని అయ్యాక చెరిపేసి, చెరిపేశాను కదా అని హాయిగా ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం మెరుపు కొత్త కోడ్ ఒక్క వరుస కూడా రాయలేదు. సోదా గారు అతన్ని అద్దాల గదిలోకి తీసుకెళ్ళారు. బయటనుంచి చూస్తే ఈయన వేలు ఆడించడం, అతను తల వంచుకుని టైపు చెయ్యడం కనిపించింది. మాటలు వినిపించలేదు. మందు సీసా గొడవ ఇంకా తెగలేదు కాబోలనుకున్నారు అందరూ. అన్నకూతురు మాత్రం మెరుపు మొహం చూసి, తాళంచెవి వదిలేసింది అతనేనని గ్రహించింది. తనకి చెవులు వేడెక్కిన రోజున తన మొహమూ అలాగే ఉండి ఉంటుంది.

మర్నాడు సోదా గారే యజమానికి చెప్పారు. తాళంచెవి దొరికిందని, దాన్ని మార్చేశామని, లోపలికి వచ్చిపోయినవాళ్ళ జాడలన్నీ వెతికితే బయటివాడెవడూ దాన్ని వాడినట్టు లేదని, డాక్టర్లకి కూడా ఈ మాట దాచకుండా చెప్పాలని. యజమాని వెంటనే అందరినీ పిలిచాడు.

"ఎవడు వాడు? పేరు చెప్పండి. ఇవ్వాళే ఇంటికి పంపిస్తాను."

"స్కానర్‌కి తాళంచెవులే తెలుసండీ. పేర్లు తెలియవు" అన్నారు సోదా గారు.

ఎవరు రాశారో చూడటం ఒక్క మీట నొక్కినంత పని. ఆ గదిలో ఉన్న ప్రోగ్రామర్లందరికీ ఆ మీట ఎక్కడుందో ఆ క్షణంలో మరుపు వచ్చింది. ఒకరు పైకప్పు చూశారు, ఒకరు గోళ్ళు చూసుకున్నారు. మెరుపు నేలలోకి దిగిపోయే దారి వెతుక్కుంటున్నాడు.

"పోనీ, మీకెవరిమీద అనుమానం? మీకు అనుమానాలకి లోటు లేదుగా."

"అదేనండీ ఇబ్బంది. నాకు అందరిమీదా ఉంది. ఒక్కరి పేరు చెప్పి మిగతావాళ్ళని వదిలెయ్యమంటే నా వల్ల కాదు."

"అందరిమీదా ఏమిటండీ!"

"అందరిమీదా అంటే..." సోదా గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ కోడ్ వచ్చిన రోజేదో చూశాను. పెద్ద ఆసుపత్రివాళ్ళకి మన సరుకు మొదటిసారి చూపించిన రోజు. 'వాళ్ళు ఎదురుగా కూర్చున్నారయ్యా, ఎలాగోలా తెరిపించండి, జాగ్రత్తలు తర్వాత చూసుకుందాం' అని ఎవరో గట్టిగా అరుస్తున్నారు. ఆ గొంతు ఎవరిదో నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. మీకేమన్నా గుర్తుందా? ఏదీ, అది కూడా ఓసారి చూడమంటారా?"

యజమానికి దగ్గు వచ్చింది. ఉన్నట్టుండి బాగా వచ్చింది. దగ్గు తగ్గాక, తాళంచెవి ఎలాగూ మార్చేశాం కదా, ఇక ముందు సంగతి చూసుకుందాం, అందరికీ టీ చెప్పండి అన్నాడు.

టీ దగ్గర మెరుపు కప్పు పక్కన పెట్టాడు.

"ఆయనకి పేరు తెలుసు" అన్నాడు. "నాకు చీటీ వచ్చింది. ఇంకెవరూ చూడలేదు అని రాసి ఉంది."

"నీకూ వచ్చిందా?" అంది అన్నకూతురు.

"నీకూనా?" అంది పక్కనున్న ఇంకో ప్రోగ్రామర్. "నాకొక్కదానికే అనుకున్నాను. మీ బాబాయికి నేనంటే కాస్త అభిమానమేమో అనుకున్నా."

"నాకు రెండుసార్లు" అని మూలనుంచి ఎవరో గొణిగారు.

కాసేపటికి అందరూ తమ తమ సంగతి బయటపెట్టారు. చీటీ అందని మనిషి లేడు. ప్రతివాళ్ళూ అది తమ ఒక్కరికే దక్కిన దయ అనుకుని కడుపులో దాచుకుని, పైకి ఆయన్ని గుడితో పిలుస్తున్నారు. అన్నకూతురు తన సీటుకి వెళ్ళి స్కానర్ సెట్టింగులు తెరిచి చూసింది. తప్పు దొరికితే ముందు అది చేసినవాళ్ళకి మాత్రమే చెప్పాలి, సరిచేసుకోవడానికి వ్యవధి ఇవ్వాలి, పై వాళ్ళకి వెళ్ళే రిపోర్టులో పేర్లు ఉండకూడదు. ఆయన మొట్టమొదట రాసిన వరుసలు అవే. గుమ్మంలో కాపలాదారుని కూర్చోబెట్టకముందే, దొరికినవాళ్ళు తల దించుకోకుండా ఇంటికి వెళ్ళడానికి దారి చూసి పెట్టారు. బాబాయి మీద చూపించిన చిన్నచూపుని ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి తీసుకుంది.

అక్కడితో ఊరుకుంటే బాగానే ఉండేది. మెరుపు ఊరుకోలేకపోయాడు. తర్వాతి మీటింగులో, యజమాని ఎదురుగా, లేచి నిలబడ్డాడు.

"ఆ తాళంచెవి వదిలేసింది నేనండి."

సోదా గారు కుర్చీ తిప్పుకుని అతన్ని ఎగాదిగా చూశారు.

"ఎవరన్నారు?"

"నేనే అంటున్నానండి."

"నువ్వంటే నమ్మెయ్యాలా?"

"గురువుగారూ, కోడ్‌లో నా పేరే ఉందండి!"

"పేరుదేముంది? కుర్చీలోంచి లేచి వెళ్తూ స్క్రీన్ మూసే అలవాటు నీకు లేదు. ఎవరైనా కూర్చుని ఏమైనా రాసిపోవచ్చు."

"నేను రాసినట్టు నాకు బాగా గుర్తుందండీ!"

"నిన్న ఏం రాశావో అడిగితే తల గోక్కుంటావు. అంత పాత సంగతి గుర్తుందా? నేనే చేశాను, నేనే చేశాను అనేవాళ్ళని చాలామందిని చూశాను."

యజమాని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ తేల్చుకుని చెప్పండి" అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

మెరుపుకి ఏడుపొక్కటే తక్కువ. "నేను తప్పు చేశానని ఇప్పుడు ఎలా నమ్మించాలండీ మీకు?"

"సాక్ష్యం పట్రా. చూద్దాం."

మెరుపు తన సీటు దగ్గరికి వెళ్ళి, ఆవేశంగా కోడ్ తెరిచి, వెతికి, సోదా గారిని పిలుచుకురావడానికి లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి స్క్రీన్ మూసి, మూతపడిందో లేదో ఓసారి వేలితో నొక్కి చూసి, అప్పుడు బయల్దేరాడు.