పులి సొర నోటికి రెండు గుంజలు

కరోనా మాస్కులు తీసేసిన మరుసటి ఏడాది మార్చిలో నన్ను మత్స్యశాఖ అభివృద్ధి అధికారిగా గోదావరిఖనికి వేశారు. హోదా పేరు పొడుగు, పని పొట్టి. చెరువుల్లో చేపపిల్లలు వదలాలి, సహకార సంఘాల సభ్యత్వాలు చూడాలి. పైన అసిస్టెంట్ డైరెక్టరు, కింద ఒక ఫీల్డుమన్, ఒక కాలు విరిగిన కుర్చీ. సముద్రం ఎటు చూసినా చాలా దూరం. ఎమ్మెస్సీలో సొరచేపల పాఠం నాకు కంఠోపాఠమే గాని, కళ్లారా చూసిన సొరలన్నీ గాజు సీసాలో పట్టేంతవే. ఆ సంగతి బయట చెప్పేదాన్ని కాదు.

చేరిన రెండో ఆదివారం పొద్దున ఇడ్లీ తింటుంటే అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు ఫోన్ చేశాడు. చేపల మార్కెట్లో మనిషి కంటే పొడుగు సొర దిగిందట, ఒంటి నిండా మచ్చలట, ఫొటో పంపాడట. నేను ఫొటో తెరవలేదు. "మచ్చలుంటే తిమింగల సొరే. కదలనియ్యకండి" అని ఇంకో ఇడ్లీ వేసుకున్నాను. చట్టంలో పెద్దపులికి ఉన్న రక్షణే తిమింగల సొరకూ ఉంది. అమ్మితే జైలు.

నేను వెళ్లేసరికి పదకొండు దాటింది. ఆదివారం ప్లేడే, అంటే బొగ్గుగని మనుషులకు సెలవు దినం. కాబట్టి బొగ్గుబాయి జనమంతా అక్కడే ఉన్నారు. మధ్యలో కరుగుతున్న ఐసు మీద సొర, దాని పక్కన స్టూలు మీద ముద్దాయిలా సువార్తమ్మ. ఇరవై ఏళ్లుగా ఆ మార్కెట్లో చేపలమ్మే మనిషి. భర్త శ్రీరాంపూర్ బాయిలో చేసి రిటైరయ్యాడు. నన్ను చూడగానే లేచింది.

"మేడం, కాకినాడకు చెప్పి తెప్పించిన. నా బిడ్డ బాలింత, పాలు పడ్తలేవు. సొర తినవెడితె పడ్తయి. గిందుకు జైలుకు తోల్తరా?"

అంత గొడవలోనూ నాకు వాదన ఆగదు. సొర పిల్లల్ని కంటుంది గాని పాలివ్వదు. అదే అన్నాను: "సొరకే పాలు లేవు, నీ బిడ్డకెట్ల వస్తయక్కా?"

"బర్రె గడ్డి తింటది గద మేడం. గడ్డికి పొదుగున్నదా?"

మార్కెట్ మార్కెట్టంతా గొల్లుమంది. ఆ నవ్వుల నుంచి తప్పించుకోవడానికే చేప వైపు తిరిగాను. నిజంగా దాన్ని చూసింది అప్పుడే.

తిమింగల సొర నోరు ముట్టె చివర గోనెసంచిలా వెడల్పుగా ఉంటుంది, పళ్లు ఆవగింజలంత. దీని నోరు ముట్టె కిందుంది. మచ్చలు తిమింగల సొరకున్నట్టు తెల్లవి కావు, నల్లవి, పక్కల్లో చారలుగా సాగుతున్నాయి. ఇది పులి సొర, ఇంకా ఈడు రానిది. పేరులో పులి ఉన్నా దానికి ఆ రక్షణ లేదు. అంటే నా ఇడ్లీల తీర్పు తప్పు. ఐసు కరిగే కొద్దీ సొర నెత్తుట్లోని యూరియా అమోనియాగా మారుతుంది. ఇంకో రెండు గంటలైతే బాలింత కాదు, పిల్లి కూడా ముట్టదు.

సెక్షన్ ఆఫీసరు మర్యాదస్థుడే గాని కాగితం మనిషి. ఇది పులి సొర అంటే, పళ్ల ఆధారంతో రాసివ్వమన్నాడు. నేను నోట్లో చెయ్యి పెట్టబోయాను.

"ఆగు బిడ్డా!" అన్నాడు జనంలోంచి రాజమల్లు కాక. బాయిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే టింబర్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. "సపోర్టు లేని కప్పు కింద చెయ్యి పెడ్తవా?"

చచ్చిన చేప కాకా అన్నాను. కప్పు గూడ సచ్చిందే గదా అన్నాడు. బాయిలో పద్ధతేమంటే, కప్పును ముందు కర్రతో కొట్టి చప్పుడు వినాలి, తర్వాత గుంజ పెట్టాలి, ఆ తర్వాతే మనిషి. కాక గడ్డపారతో దవడలు విప్పి, సొర ముట్టె మీద కర్రతో టకటక కొట్టి, చెవి పెట్టి విన్నాడు. చేపల పెట్టె చెక్క కోసి రెండు గుంజలు నిలబెట్టాడు. నేను ఫోన్ లైటు వేసి వంగాను.

ఒక గుంజ జారింది. దవడ టప్పుమంది. ఎవడో బాయిలో కప్పు కూలినట్టే "రూఫ్ ఫాల్!" అని అరిచాడు. జనం ఉరికిన ఉరుకు చూడాలి! సెక్షన్ ఆఫీసరు ఐసు పెట్టె ఎక్కాడు. నేను కోళ్ల దుకాణం వెనక తేలాను, ఒక చెప్పు ఎక్కడో పోయింది. కాక మాత్రం కదల్లేదు. "రెండోది నిలవడ్డది. గింతదానికే ఉరుకుడా?"

ఒంటి చెప్పుతో తిరిగొచ్చాను. కాక మళ్లీ కొట్టి, విని, తలూపాకే చెయ్యి పెట్టాను. పళ్లు కోడిజుట్టులా ఒక పక్కకు ఒరిగి, అంచులు రంపం. పులి సొరే.

రిపోర్టు అక్కడే రాశాను. మొదట ఫోన్లో తప్పుగా గుర్తించింది నేనే అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం ఎందుకు మేడం అన్నాడు సెక్షన్ ఆఫీసరు. అది లేకపోతే సువార్తమ్మను అనుమానించింది ఎవరని రేపు మిమ్మల్నే అడుగుతారన్నాను. ఆయన సంతకం పెట్టి, సొరను సువార్తమ్మకే వదిలేశాడు.

సువార్తమ్మ కోస్తే కడుపులో తాబేలు చిప్ప ముక్కలు, పాల ప్యాకెట్టు, ఒక రబ్బరు చెప్పు. పులి సొర దొరికిందల్లా మింగుతుంది. కాక ఆ చెప్పును కర్రతో ఎత్తి, "మేడం, నీదేనా?" అన్నాడు. నవ్వి నవ్వి నేను అదే ఐసు పెట్టె మీద కూలబడ్డాను.

ఇది మనుషుల్ని తింటదా అని ఎవరో అడిగారు. ఎప్పుడో ఒకరిని కరుస్తుందేమో గాని, ఇక్కడ కత్తి ఎవరి చేతిలో ఉందో చూడమన్నాను. అమ్మడం నేరం కాదు. అలాగని సముద్రంలో అవి కుప్పలు తెప్పలుగా లేవు. ఇది తల్లి కాకముందే గోదావరిఖని చేరింది. ఆ మాట రాసే గడి రిపోర్టులో లేదు.

వారం తర్వాత పాలు పడ్డాయని సువార్తమ్మ కబురంపింది. సొర లేకున్నా పడేవని నేను తిరుగు కబురంపాను. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు. తేలింది ఒకటే. ఆ తర్వాత స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఫోన్లో ఏ చేపకూ పేరు పెట్టలేదు. వెళ్లి చూశాకే చెప్పడం వల్ల అడిగినవాళ్లకు ఒక గంట ఆలస్యమయ్యేది. నా తొందర వల్ల సువార్తమ్మ ఐదు గంటలు స్టూలు మీద కూర్చుంది.