నేను జరిపిన సున్నపు గీత

నిన్న మా మనవరాలు బడి నుంచి ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. నాగర్‌కర్నూల్‌లో బొమ్మ విమానాలు ఎగరేస్తారట, పిల్లలను చూడ్డానికి తీసుకుపోతారట, అక్కడ ఏం జరిగినా పూచీ ఇంటివాళ్లదేనని ఒప్పుకుంటూ కింద వేలుముద్ర వేయాలట. కొడుకూ కోడలూ పనికి పుణె పోయారు కనుక ఇంటికి పెద్దను నేనే. ఆ పిల్లే గడగడా చదివి వినిపించింది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బొమ్మ విమానానికి రెండు సన్నటి ఇనుప తీగలు కట్టి, మధ్యలో నిలబడ్డ మనిషి వాటిని పట్టుకుని గిరగిరా తిప్పేవాడు. వనపర్తిలో ఒక కాలేజీ మైదానం ఊడ్చి సున్నం పోసే పని నాదీ, మా ఆడబిడ్డదీ. ఒకసారి అక్కడ ఆ ఆట పెట్టినప్పుడు, విమానం ఎగరేసే ముసలాయన ముందురోజే వచ్చి, తీగ తెగితే విమానం ఎంతవరకు దూసుకొస్తుందో అడుగులతో కొలిచి, జనం దాని అవతలే ఉండాలని చెప్పి, మాతో చుట్టూ గీత పోయించాడు. అంత పెద్ద ముగ్గు ఏ పండక్కీ వేయలేదని నవ్వుకుంటూ పోశాం.

మర్నాడు పొద్దున ఏర్పాట్లు చూసే అధికారి వచ్చి మండిపడ్డాడు.

"ఇంత దూరం కూసోవెడితే పెద్దసార్లకు ఏం కనవడ్తది? గీత జర ముందలికి జరుపుండ్రి!"

ముసలాయన వద్దని బతిమాలితే, "మాకు తెల్వదా?" అని నోరు మూయించాడు. మా ఆడబిడ్డ నా చెవిలో, "విమానం గీత చూస్కొని ఎగురుతదా ఏంది వదినా?" అని కిసుక్కుమంది. నేనూ నవ్వాను. పాత గీతను చీపురుతో చెరిపిందీ, కొత్తది పోసిందీ ఈ చేతులే.

రెండో విమానం తిరుగుతుండగా తీగ తెగి, అది కుర్చీల మీదికి దూసుకొచ్చింది. సార్లు కుర్చీలు తన్నుకుంటూ పరుగెత్తారు. వాళ్లకు నీళ్లు అందిస్తున్న మా ఆడబిడ్డ గ్లాసుల పళ్లెం పడిపోతుందేమోనని దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుడికన్ను పోయింది.

దవాఖానలో ఆమె కట్టు కింద మూలుగుతుండగా అదే అధికారి కాగితం పట్టుకొచ్చి, "గీత పోసింది మీరే గదా?" అని నన్ను గద్దించాడు. ఔను, మేమే. ఎవరు పోయమన్నారో మాత్రం అతడు అడగనూ లేదు, రాయనూ లేదు. ఆమె బొటనవేలు పట్టి ముద్ర వేయించుకుపోయాడు. తప్పంతా మాదేనని అందులో రాసి ఉన్న సంగతి, తర్వాత ఎవరో చదివి చెబితే తెలిసింది. ఆ పెద్దమనిషి మెడలో పూలదండతో ఉద్యోగం ముగించుకున్నాడు.

ఇప్పుడు విమానాలకు తీగలే లేవట. మా ఆడబిడ్డా లేదు. కన్ను పోయాక అడిగిన ముద్రను ఇప్పుడు పోకముందే అడుగుతున్నారు. ఇన్నేళ్లలో వాళ్లు నేర్చింది ఇదొక్కటే.

ముద్ర వేయనంటే మనవరాలు ఏడ్చింది. "అందరు పోతున్రు అవ్వా, నేనొక్కదాన్నే ఇంట్ల కూసోవాల్నా?"

పోదాం బిడ్డా, నేనే తీసుకుపోతాను. ఆ కాగితం ఖాళీగానే బడికి తిరిగిపోతుంది. మైదానంలో గీత ఎక్కడ పోశారో, ఎవరు పోయమంటే పోశారో నోరు తెరిచి అడుగుతాను. ఆనాడే అడగాల్సిన మాట అది. ఆనాడు నవ్వాను.