తోడు కూర్చునే మనిషి

నేను మా ఊరి గుప్పెడు బియ్యం మీద మొజాంబిక్ వెళ్ళాను. మాటవరసకు అంటున్నది కాదు. ఉద్దానంలో మా సంఘం ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ గుడికి వస్తాయి. ఆరాధన అయ్యాక బియ్యమంతా ఒకే కుప్ప పోసి వేలం పాడతారు. వచ్చిన డబ్బు సువార్త పనికి పోతుంది. ఆ సువార్త పని అంటే నేనే. జీడిపప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ళు, ఎండు చేపలు నెత్తిన పెట్టుకుని అమ్ముకునేవాళ్ళు, తమ పిల్లల కంచాల్లోంచి తీసి పెట్టిన గుప్పెడు అది. దాని మీద విమానం ఎక్కిన మనిషికి వట్టి చేతులతో తిరిగి రావడం ఎలా ఉంటుందో నన్నడగండి.

ఆ వేసవిలో నేను అలాగే వచ్చాను. సెలవు మీద వచ్చి మా అక్క ఇంట్లో దిగాను. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది. పిల్లలు లేరు. బావ అంతకు రెండేళ్ళ ముందు పోయాడు, మా ఊళ్ళో మగవాళ్ళను ఎక్కువగా తీసుకుపోయే ఆ కిడ్నీల జబ్బుతోనే. డయాలసిస్‌కి ఆయన్ను ఆటోలో పలాస తీసుకెళ్ళడం, మళ్ళీ పట్టుకుని దింపుకోవడం అంతా అప్ప ఒక్కత్తే చేసుకుంది. సమాధి చేసిన రోజుకి కూడా నేను రాలేకపోయాను. 

నేను వస్తున్నానని తెలిసి సోంపేట నుంచి కొత్త మంచం తెప్పించింది. దాని మీద కూర్చోగానే అసలు సంగతి ఎత్తుకుంది. టెక్కలిలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ కావాలట, అక్కడ తెలిసినవాళ్ళతో మాట్లాడి ఉంచిందట.

"ఇంక తిరిగింది సాల్లే గుంటా. దేవుడు టెక్కల్లో లేడేటి?" అంది.

నేను నవ్వేశాను గానీ, లోపల సగం ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే సగం కన్నా ఎక్కువే. నన్ను పంపిన మిషన్ వాళ్ళు నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చమన్నారు. వెళ్ళాలా, ఉండిపోవాలా. అప్పను చూస్తే వెళ్ళబుద్ధి కాలేదు. అక్కడి గది గుర్తొస్తే అసలే కాలేదు.

ఆ గదికి రేకుల కప్పు. ముందు భాగం ప్రార్థనకి, వెనక భాగం నాకు. ఆ దేశంలో ఆఫీసుల్లో పోర్చుగీసు నడుస్తుంది. అదే నాకు నేర్పి పంపారు. తీరా పల్లెకి వెళ్తే అక్కడి బడి మాస్టారు తప్ప ఆ భాష మాట్లాడే నాథుడు లేడు. పల్లె భాష వేరు. అది నా నోటికి ఎంతకీ ఎక్కలేదు. భాష రాని చోట ఎంత గడుసు మనిషైనా మొద్దే. అందరూ నవ్వాక నవ్వుతుంది, అందరూ లేచాక లేస్తుంది. మా ఊళ్ళో నా నోటికి జడిసి పక్క వీధిలోంచి తిరిగి వెళ్ళేవాళ్ళుండేవారు. అక్కడ నాతో పోట్లాడటానికైనా ఒక మనిషి దొరకలేదు. ఒంటరితనమంటే అదేనని నాకు అక్కడే తెలిసింది. 

ఆ పల్లె నిండా జీడి చెట్లుండేవి. జీపు దిగి వాటిని చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. దేవుడు నన్ను పుట్టింటికే పంపాడనుకున్నాను. సరిగ్గా ఆ చెట్ల దగ్గరే నా కొంప మునిగింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. దిగిన కొద్ది రోజులకే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో నాకు చాప వేసి, బుట్టెడు జీడిపళ్ళు తెచ్చి ముందు పెట్టారు. ఎర్రగా, నిగనిగలాడుతూ, పిక్కలతో సహా ఉన్నాయి. ఉద్దానంలో పుట్టినదానికి జీడిపండు చేతికిస్తే ఏం చేస్తుంది? వేళ్ళు వాటంతటవే పిక్కను మెలితిప్పేస్తాయి. చిన్నప్పుడు ఎండాకాలమంతా మా పని అదే. పిక్క ఒళ్ళో వేసుకోవడం, పండు అవతల పారేయడం. పండు ఆవులు తింటాయి, లేకపోతే కుళ్ళిపోతుంది. ఎవరికి కావాలి? నేను కబుర్లు చెబుతున్నట్టు తలాడిస్తూ బుట్టెడు పళ్ళూ మెలితిప్పి, పిక్కలు నా సంచిలో వేసుకుని, పళ్ళను మేకల వైపు విసిరేశాను. ఎంత బాగా కలిసిపోయానో అనుకున్నాను కూడా. ఇంటివాళ్ళు మర్యాదగా చూస్తూ కూర్చున్నారు.

అక్కడ పండే అతిథికి మర్యాద. ఏడాదికోసారి వచ్చే తీపి అది. రసం తీస్తారు, ఎండబెట్టుకుంటారు. పిక్క ఇంటివాళ్ళది. దాన్ని అమ్మితేనే వాళ్ళకి ఉప్పూ సబ్బూ. వచ్చిన మనిషి పండు తిని పిక్కను బుట్టలో పెట్టి వెళ్ళాలి. నేను వాళ్ళ సొమ్ము సంచిలో వేసుకుని, వాళ్ళ మర్యాదను మేకలకి వేశాను. ఈ సంగతి బడి మాస్టారు నాకు చెప్పేసరికి ఏడాది గడిచిపోయింది. సంచిలో అలాగే ఉన్న పిక్కలు తిరిగిచ్చాను, మాస్టారు చేత క్షమాపణ చెప్పించాను. పర్లేదన్నారు. కానీ గుడికి మాత్రం ఎవరూ రాలేదు.

రోజూ పొద్దు వాలే వేళకి దీపం వెలిగించుకుని, ఖాళీ బల్లల ముందు కూర్చుని తెలుగులో పైకి చదువుకునేదాన్ని, పాడుకునేదాన్ని. వినేవాళ్ళ కోసం కాదు. రోజంతట్లో ఆ కాసేపు తప్ప నా గొంతు నాకే వినిపించేది కాదు. అడవి కాచిన వెన్నెల అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి ఒక ముసలమ్మ రావడం మొదలుపెట్టింది. లోపలికి వచ్చేది కాదు. బయట మెట్టు మీద చాప పరుచుకుని, కర్రపెండలం చెక్కు తీసుకుంటూ కూర్చునేది. నేను ముగించి పుస్తకం మూయగానే చాప చుట్టుకుని వెళ్ళిపోయేది. ఒక్క మాట లేదు. వానలో కూడా వచ్చింది.

నా సంబరం చూడాలి! ఫోన్ చేసి మా సంఘానికి చెప్పాను. ఒక ఆత్మ దగ్గరికి వస్తోంది, ప్రార్థన చేయండి అన్నాను. ఆడవాళ్ళు ఉపవాసాలున్నారు.

బావ పోయాడని కబురు వచ్చిన రోజు నేను చదవలేదు, పాడలేదు, దీపమూ పెట్టలేదు. అప్ప అక్కడ ఒక్కత్తే ఏం చేస్తోందోనని చీకట్లో బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు ముసలమ్మకి నా గొంతు వినిపించలేదు. అయినా వచ్చింది. మొదటిసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి, నా పక్కన కింద కూర్చుని, నా పాదం మీద చెయ్యి వేసింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు ఆగేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

తర్వాత మాస్టారిని తోడు తీసుకెళ్ళి, ఇన్నాళ్ళూ ఎందుకు వస్తున్నావని ఆవిడనే అడిగించాను. దేవుడి మాట వింటున్నానని చెబుతుందని నాకు ఎంత ఆశో! ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆ పల్లెలో ఎవరైనా పోతే, ఆ ఇంటి మనిషి పొద్దు వాలే వేళ ఒంటరిగా కూర్చుని పైకి మాట్లాడుకుంటూ దుఃఖం తీర్చుకుంటుందట. అలా మాట్లాడే మనిషిని ఒంటరిగా వదలకూడదట. గొంతు ఆగేదాకా ఎవరో ఒకరు వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చోవాలట. నా దుఃఖం ఏమిటో ఆవిడకి తెలీదు. ఎప్పటికీ తీరడం లేదే అనుకుందట, పాపం. మిగతావాళ్ళు జీడిపళ్ళ సంగతి గుర్తుపెట్టుకుని రాకపోతే, తనైనా వెళ్ళాలని వచ్చిందట.

నేను ఎవరి కోసం సముద్రాలు దాటి వెళ్ళానో ఆవిడే నాకు తోడు కూర్చుంది. నేను సిగ్గుపడ్డాను. సిగ్గు కన్నా ఎక్కువగా, ప్రాణం కుదుటపడింది.

ఇదంతా మా ఊరి గుడిలో చెప్పాల్సి వచ్చింది. వెళ్ళొచ్చినవాళ్ళు సాక్ష్యం చెప్పడం మా ఆనవాయితీ. ముందు రోజు మా పాస్టరు, మేం అయ్యగారు అంటాం, నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"నెంబరు సెప్పమ్మా. ఎంతమందికి బాప్తిస్మం అయ్యిందో ముందు సెప్పీ. జనం అదే ఇంటారు."

నేను మైకు పట్టుకుని ముందు జీడిపళ్ళ కథే చెప్పాను. గుడి గుడంతా నవ్వింది. "జీడిపండు ఇసిరీకుండా ఏటి సేత్తారమ్మా, పచ్చడెడతారా?" అని వెనకనుంచి ఒకాయన అన్నాడు. అక్కడున్నవాళ్ళలో ఎవరైనా ఆ బుట్ట ముందు నేను చేసినట్టే చేసుండేవారు. తర్వాత ముసలమ్మ సంగతి చెప్పాను. బావ పోయిన రోజు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు అప్పను వెతికాయి. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో అప్ప తల వంచుకుని కూర్చుని ఉంది.

ముగించాక సంఘ పెద్ద ఒకాయన లేచాడు. "అదంతా సరే గానీ, మొత్తం ఎంతమందమ్మా?"

"ఒక్కరూ లేరు" అన్నాను.

అయ్యగారు గబగబా వచ్చి మైకు తీసుకున్నారు. ఆ ముసలమ్మ హృదయంలో మన సోదరి విత్తనం నాటింది, అది మొలుస్తుంది, స్తోత్రం చెప్పండి అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు, గండం గడిచినట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ నాకు చేసినదాన్ని నేను ఆవిడకి చేసినట్టు తిప్పేశారు. ఆ రోజు బియ్యం వేలంలో ఒక్కరే పాడారు. ఎదురు పాట పాడినవాళ్ళు లేరు.

ఇంటికి వచ్చే దారిలో అప్ప నాకన్నా నాలుగడుగులు ముందే నడిచింది. ఇంక తేలిపోయిందనుకున్నాను. సంఘానికి మనసు లేదు, నాకు ఓపిక లేదు. టెక్కలికే సరే అందామని నిశ్చయించుకుని భోజనానికి కూర్చున్నాను. భావనపాడు ఎండు చేపల పులుసు, నాకు ఇష్టమని చేసింది. నేను నోరు తెరిచే లోపే అప్ప అడిగింది.

"ఆ ముసల్దానికి ఎవులున్నారు?"

"ఎవరూ లేరప్పా. ఒక్కడే కొడుకు. గనుల్లో పనికని పోయి మళ్ళీ రాలేదు."

"సచ్చిపోనాడా?"

"తెలీదు. కబురు లేదు. అందుకే ఆవిడింటికి ఎవరూ వెళ్ళి కూర్చోలేదు. చావు కబురు వస్తేనే వాళ్ళు వెళ్తారు."

అప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"మరి ఇప్పుడు దాని కాడ ఎవులు కూకుంటన్నారు?"

ఊరు వచ్చినప్పటి నుంచి నేను ఆ సంగతే ఆలోచించలేదు. నా ఒంటరితనం గురించి ఆలోచించాను, అప్ప ఒంటరితనం గురించి ఆలోచించాను. సాయంత్రం పూట చాప చంకన పెట్టుకుని, తాళం వేసిన గుడి దాకా వచ్చి వెనక్కి పోయే మనిషి నాకు తట్టనే లేదు.

"ఎవరూ లేరు" అన్నాను. "సెలవు అవగానే వచ్చేస్తానని చెప్పాను."

"సెప్పొచ్చినావా?"

"ఊఁ."

"సెప్పొచ్చీసి, మరిక్కడేటి సేత్తన్నావు?"

కోపంగానే అంది. చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి, నా కంచం కూడా లాక్కుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నీళ్ళ చప్పుడు వినిపించింది. రెండే కంచాలు, వాటినే తోముతూ ఉంది. నేను చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి ఆమె వెనక నిలబడ్డాను. టెక్కలి మాట ఇంకొక్కసారి ఎత్తితే చాలు, ఉండిపోదామనుకున్నాను. అప్ప వెనక్కి తిరగలేదు, ఆ మాట ఎత్తలేదు.