రంగమ్మ వయసు పట్టని గడి

బిజినేపల్లిలో సైకిళ్లు బాగుచేసే యూనుస్ కూతురు హుమేరాకు చిన్నప్పటి నుంచీ ఒక గుణం. తప్పు తనదని తెలిస్తే అన్నం సహించదు. వనపర్తిలో డిగ్రీ చదివి, ప్రోగ్రామింగ్ నేర్చుకుని, ఇంటి నుంచే చిన్నచిన్న పనులు చేసిపెడుతోంది. కంటి శిబిరానికి పేర్లు ఎక్కించే ఫారం ఆమె చేతి పనే. మొదటి సొంత పని కదా, వీధంతా చెప్పుకుంది.

ఆ ఫారం కాస్తా ఆ పొద్దున పక్కింటి రంగమ్మ దగ్గరే మొరాయించింది. ఆధార్ ప్రకారం ముసలామెకు నూట మూడేళ్లు. పేర్లు రాసే రజిత ఫోనులో ఎన్నిసార్లు కొట్టినా గడి ఎర్రబడి, సరైన వయసు రాయమంటోంది. సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు. పేరు ఎక్కకపోతే ఆపరేషన్ లేనట్టే.

"తొంభై తొమ్మిదని ఏస్త అవ్వా, ఏమైతది?" అంది రజిత.

"ఎట్లేస్తవ్? నాలుగేండ్లు ఉత్తగనే బతికిన్నా?" రంగమ్మ కర్రతో నేల మీద టక్కున కొట్టింది.

హుమేరా పరుగున వచ్చి లాప్‌టాప్ తెరిచింది. వయసుకు రెండంకెలు చాలనుకుని, గడిలో ఏ అంకెలు పట్టాలో చెప్పే నమూనా రాసింది తనే. నూరు దాటిన మనిషి గోడ పక్కనే ఉన్నా గుర్తు రాలేదంటే సిగ్గు కాదూ! ఒకటి నుంచి నూట ఇరవై దాకా పడుతుందనుకుని, గాభరాగా [1-120] అని మార్చింది. ఈసారి వెనక నిలబడ్డ అరవై ఏళ్ల కురుమయ్య వయసు కూడా పట్టడం మానేసింది. నమూనాకు సంఖ్య తెలియదు, ఒక్కో అంకెనే చూస్తుంది. ఒకటో, రెండో, సున్నానో, ఏదో ఒక్క అంకె ఉంటేనే ఒప్పుకుంటానంది. వరుసలో గొణుగుడు మొదలైంది. హుమేరా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పరేషాన్ గాకు బిడ్డా," అంది రంగమ్మ. "నా ఈడు గంత కష్టమా? ఐదిర్వైలు, మీద మూడు."

పాతకాలం వాళ్లు అంతే. మూటలైనా, మేకలైనా, ఏళ్లయినా ఇరవై ఇరవై కుప్పలు పోసి, మిగిలింది పక్కన పెడతారు. హుమేరా చేతులు ఆగాయి. అంతటినీ ఒక్క దెబ్బకు పట్టబోయింది తను. కుప్పలు పోయాలి!

ఒక అంకెవి ఒక కుప్ప. రెండంకెలవి ఇంకొకటి. నూరు నుంచి నూట పందొమ్మిది దాకా మూడోది. నూట ఇరవై మాత్రం విడిగా. మధ్యలో 'లేదా' అని గీతలు పెట్టింది: ^([1-9]|[1-9][0-9]|1[01][0-9]|120)$. సున్నా కొట్టి చూసింది, పట్టలేదు. నూట ఇరవై ఒకటీ పట్టలేదు. అరవై పట్టింది.

నాలుగూ ముప్పావుకు రజిత నూట మూడు కొట్టింది. గడి పచ్చబడింది. హుమేరా సంతోషం పట్టలేక ముసలామెను కావలించుకుంది.

"పొద్దటి సంది ఏం తినలేదంట గదా, పోయి తిను," అంది రంగమ్మ. మళ్లీ ఆపి అడిగింది. "గిప్పుడు ఎంత దాంక పడ్తది?"

"నూట ఇర్వై దాంక, అవ్వా."

"సరే. గది దాటినంక మల్ల నీ తానకే వస్త. యాది పెట్టుకో."