ముద్దలో మాత్ర

"ఆయప్ప వొంట్లో ఉండేదే గుక్కెడు రక్తం. దాన్నీ సూదేసి నీళ్ళు చేస్తా ఉండావే, న్యాయమా నీకు?"

"నీళ్ళు చేసేది కాదు అవ్వా. ఈ జబ్బులో రక్తం గడ్డ కడతాది. ఆ గడ్డ పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడితే మనిషి దక్కడు. అందుకే రోజూ పొట్టకి సూది."

"గడ్డ కట్టేకి అదేమన్నా పెరుగా?"

"పెరుగే అనుకో. నువ్వు తోడేయకుండా ఉంటే చాలు."

"మరి చిగుళ్ళలో రక్తం యాడ నుంచి వచ్చింది? ఈ తువ్వాలు చూడు. నీ సూది పనే ఇది."

"నేనూ అదే అడిగేది. ఇంటి నుంచి ఇంగేమన్నా మాత్రలు ఇస్తా ఉండావా?"

"నేనా? ముద్ద తెచ్చేకే ఓపిక లేదు నాకు, మాత్రలు యాడ తెస్తాను!"

కోలారు ఆసుపత్రిలో, కరోనా వార్డు తలుపు దగ్గర, నర్సమ్మతో నేను పెట్టుకున్న గొడవ ఇది. నా మనవరాలి వయసు పిల్ల. ఒళ్ళంతా ప్లాస్టిక్ బట్ట, కళ్ళు మాత్రమే కనబడేవి. అవీ నిద్ర లేక ఎర్రబడ్డాయి. నేనూ అలాగే ఉన్నాను. మా ఊరు క్యాసంబళ్ళిలో తెల్లవారకముందే రాగిముద్ద గెలికి, పాలవ్యానులో కోలారు చేరి, ముఖానికి రెండు గుడ్డలు కట్టుకుని లోపలికి పోవడం. ఎనిమిది రోజులుగా అదే పని.

నర్సమ్మకు చెప్పింది అబద్ధం. లోపల మంచం మీదున్న మా ఆయన బంగారు గనిలో పని చేసిన మనిషి. భూమి లోపల వంగి వంగి మోకాళ్ళు అరిగిపోయాయి. గని మూతపడి ఇన్నేళ్ళయినా రోజుకొక నొప్పి మాత్ర పడందే మంచం దిగలేరు. వార్డులో బయటి మందులు కూడదన్నారు. ఇంట్లో సగం వాడిన మాత్రల అట్ట ఉంది; తెరిచినదాన్ని పారేయడం నా వల్ల కాదు. రోజూ ఒక మాత్రను రాగిముద్ద నడిమధ్యన పెట్టి తెచ్చాను. మా వైపు ముద్దను నమలరు, పప్పుచారు లాంటి సారులో ముంచి మింగుతారు. ఎవరికీ అనుమానం రాదు.

నర్సమ్మ లోపలికి పోబోతూ ఆగింది. "నొప్పి మాత్రలు ఈ సూదితో కలిస్తే రక్తం కారతాది అవ్వా, అందుకే అందరినీ అడిగేది. ఇట్లే వస్తా ఉంటే రేపు పొద్దున డాక్టరు సూది ఆపేస్తారు. ఆపితే గడ్డ భయం ఉండనే ఉండాది."

మూడో తరగతితో బడి మానినదాన్ని, రక్తం పలచబడటమంటే ఏమిటో అప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. నా మాత్ర చేసిన పని మాత్రం అర్థమైంది. అక్కడే చెప్పి ఉండవలసింది. వార్డంతా వినేలా అరిచి, ఆ నోటితోనే తప్పు నాదని ఎలా అనేది? ఖాళీ డబ్బా పట్టుకుని బస్టాండుకు నడిచాను.

మరునాడు పొద్దున డాక్టరు రాకముందే అట్ట తీసి నర్సమ్మ చేతిలో పెట్టాను.

"ముద్దలో పెట్టి ఇచ్చినాను. రోజూ. తిట్టేదుంటే తిట్టు."

ఆమె అట్ట తిప్పి చూసింది. "నిన్న నన్ను ఎంతేసి మాటలంటివి అవ్వా" అని మాత్రం అని లోపలికి పోయింది.

డాక్టరు మా ఆయన నోరు చూశారు, రక్తపరీక్ష కాగితం చూశారు. ఆ మాత్ర మళ్ళీ తాకవద్దన్నారు, నొప్పికి వేరే మందు రాశారు, సూది ఆపలేదు. నర్సమ్మ పొట్టకు సూది వేస్తుంటే చొక్కా పైకెత్తి పట్టుకున్నది నేనే.

తరువాత డబ్బా తెరిచాను. ఆయన బొటనవేలితో ముద్దను రెండుగా చీల్చి, నా ముఖం చూశారు.

"లేదు," అన్నాను. "మింగు."

సారులో ముంచి మింగారు.