దీపం పెట్టాక పలకని మాట

1968 మార్చి 14, గురువారం సాయంత్రం. నౌపడ ఉప్పుమడుల పక్కనున్న పాకబడిలో పిల్లలు ఇరవై ఇద్దరు. పగలంతా పెద్దవాళ్లతో మడుల్లో పనిచేసి వచ్చే వీరికి గజపతినగరం నుంచి వచ్చిన గౌరి చదువు చెబుతోంది. ఈ సాయంత్రపు తరగతిని ఉంచాలో మూసెయ్యాలో తేల్చడానికి పర్యవేక్షకులు సీతారామారావుగారు వచ్చి బల్లమీద కూర్చున్నారు.

గౌరి పాఠానికి సాధనం ఒక పురికొస ఉండ. అది అందుకున్నవారు ముందువారి మాటను మళ్లీ పలికి, దానికి సంబంధమున్న కొత్త మాట చేర్చి, కొస వదలకుండా ఉండను మరొకరికి విసరాలి. రైలు అంటే గార్డు, గార్డు అంటే పచ్చజెండా. అలా అల్లుకున్న మాటలు పిల్లలు మరిచిపోవడం లేదని ఆమె గమనించింది.

లాంతరు వెలిగించి, వాళ్లకు బాగా తెలిసిన మాటే ఎంచుకుంది.

"ఉప్పు" అంటూ చిన్నతల్లికి ఉండ విసిరింది.

చిన్నతల్లి తల దించుకుంది. పక్కవాడూ అంతే. ఉండ చేతులు మారిందే గాని ఒక్క నోరూ పెగలలేదు.

"తమ పని గురించే మాట రాలేదమ్మా. ఇంక ఈ తరగతి దేనికి?" అని సీతారామారావుగారు లేచి సైకిలు దగ్గరకు నడిచారు.

మనవరాలి కోసం వచ్చిన దాలమ్మ గుమ్మంలోంచి అంది: "ఏటి పంతులమ్మా, దీపం ఎట్టినాక ఆ మాట అనీసినావు? లచ్చిమి ఎల్లిపోదా? రుచి అనాల. మీ ఇంట్లో అనరేటి?"

అనేవారు. సందెవేళ గౌరి తల్లి కూడా ఉప్పును రుచి అనే అడిగేది. బడికి ఆ పట్టింపు ఉండదనుకుంది గౌరి. పరుగున వెళ్లి సైకిలు పట్టుకుంది.

"ఇంకొక్క గురువారం రండి సార్. పొద్దుండగానే మొదలుపెడతాను."

"చూద్దాం" అన్నారాయన.

మరుసటి వారం ఆయన వచ్చారు. దాలమ్మ మడులన్నీ తిరిగి పిల్లల్ని పెందరాళే తోలుకొచ్చింది. ఉప్పు నుంచి మడి, మడి నుంచి ఎండ, ఎండ నుంచి మజ్జిగ. పురికొస బడంతా అల్లుకుంది. ఇంతలో చీకటి పడింది. గౌరి లాంతరు వెలిగించింది. ఉండ చిన్నతల్లి చేతికొచ్చింది. ఆ పిల్ల దాన్ని పర్యవేక్షకుల ఒళ్లోకి విసిరింది.

"మజ్జిగ. అందులో ఏటేస్తారో మీరు సెప్పండి సారూ."

ఆయన నోరు తెరిచి, లాంతరు వైపు చూసి ఆగారు.

"రుచి" అన్నారు మెల్లగా.

పిల్లలు గొల్లున నవ్వారు. "బాబు మనోడేనే" అంది దాలమ్మ.

తరగతి ఉంటుందని ఆయన చెప్పేసరికి పురికొస ఇంకా ఆయన వేలికి చుట్టుకునే ఉంది.