లీటరుకు ఐదు మైళ్ళు

ఎనభైల్లో మా ఇంట్లో స్పోర్ట్స్ కారు ఉండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. మావారు గుంటూరులో ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేవారు. అక్కడి తెల్ల డాక్టరుగారు సొంత దేశం వెళ్ళిపోతూ తన పాత ఎర్ర కారును ఈయనకు కారుచౌకగా ఇచ్చేశారు. రెండే సీట్లు, పైన టాపు లేదు. మిరపకాయల సీజన్లో గుంటూరులో టాపు లేని కారంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. చర్చికి వెళ్ళేసరికి ఇద్దరం తుమ్ముతూనే ఉండేవాళ్ళం.

నేను స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. నెల తిరగకుండానే నాకు తెలిసిపోయింది, ఆ కారు పెట్రోలు తాగడం లేదు, మింగుతోంది. ఒంగోలు రోడ్డెక్కితే బుద్ధిగానే ఉండేది. దాని ఆకలంతా ఊళ్ళోనే. నేను నోరెత్తితే ఆయన, "ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడతావేంటోయ్" అనేవారు. అంతలో చీరాల పొగాకు షావుకారు ఒకాయన ఆ కారు మీద మనసుపడి, మంగళవారం వచ్చి బేరం ఖాయం చేసుకుంటానని కబురు చేశాడు.

"ఊళ్ళో లీటరుకు ఐదు మైళ్ళిస్తే ఉంచుకుందాం. ఇవ్వకపోతే షావుకారుకి ఇచ్చేద్దాం" అన్నాను.

"ఐదేంటి, ఆరిస్తుంది!" అన్నారు. అన్నారే గానీ ఆ పూట అన్నం సరిగా తినలేదు. నాకు జాలేసింది. అయినా మాట మార్చలేదు. పైగా ఆదివారం రోడ్లు ఖాళీగా ఉంటాయని, సోమవారం ఇద్దరం సెలవు పెట్టి పొద్దున పదింటికే పరీక్ష అన్నాను. కారు ఓడిపోవాలనే అలా పెట్టాను, దాచడమెందుకు!

మెకానిక్కులు మైలేజీ చూడాలంటే సీసాతో చూస్తారు. కొలిచిన పెట్రోలు సీసాలో పోసి, ట్యాంకుతో పని లేకుండా నేరుగా ఇంజనుకు పెడతారు. మావారు ల్యాబు నుంచి లీటరు గుర్తున్న గాజు సీసా, సెలైన్ ట్యూబు తెచ్చారు. ట్యూబు కొసను బానెట్ సందులోంచి ఇంజనుకు తగిలించి, సీసాను నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నారు. రోగికి సెలైన్ ఎక్కించినట్టు కారుకు పెట్రోలు ఎక్కిస్తూ బ్రాడీపేట నుంచి బయల్దేరాం. ఇప్పుడు తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది.

అరండల్‌పేట దాకా బాగానే వెళ్ళాం. అక్కడ రిక్షాలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. మావారిని ఊళ్ళో సగం మంది డాక్టరుగారనే పిలిచేవారు.

"డాక్టరుగారండీ! నా రక్తంలో ఏం తేలిందండీ?"

ఈయన బండాపారు. ఇంజను ఆపలేదు. ఆపితే మళ్ళీ స్టార్టవుతుందో లేదోనని భయం. చక్కెర ఎంతుందో, ఏం తినకూడదో, మామిడిపండు ఎందుకు మానాలో వివరంగా చెప్పారు. నా చేతిలో సీసా తరిగిపోతోంది.

"ఏవండీ, పెట్రోలు!" అన్నాను.

"పాపం, కంగారుపడుతున్నాడే" అన్నారు.

అలా ఇంకో ఇద్దరు. తర్వాత రైల్వే గేటు. ఊరంతా తిరిగి చుట్టుగుంట చేరేసరికి మిరపకాయల బస్తాలు, మా ఊరి మాటలో టిక్కీలు, వేసుకొచ్చిన ఎడ్లబళ్ళు, లారీలు రోడ్డంతా నిండిపోయి ఉన్నాయి. అక్కడ ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బయల్దేరేటప్పుడు సున్నాకు తిప్పిన మీటరు చూశాను. అది మైళ్ళు చూపించేది, చివరనున్న ఎర్ర అంకె మైలులో పదో వంతు. నాలుగు మైళ్ళు దాటి ఎర్ర అంకె ఏడు దగ్గరుంది.

గెలిచాను. గెలిచినప్పుడు సంతోషం కలగాలి కదా? ఆయన స్టీరింగు మీంచి చేతులు తీయకుండా అలాగే కూర్చున్నారు. నా వైపు చూడలేదు, మీటరు వైపూ చూడలేదు.

పరీక్ష కోసం ట్యాంకు ముందే ఖాళీ చేశాం, పెట్రోలు బంకేమో అర కిలోమీటరు దూరం. ఆయన దిగి నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. "బ్రేకు జోలికి పోకు. తిన్నగా పట్టుకో, చాలు."

టిక్కీలు మోసే హమాలీలు నలుగురు వచ్చారు. "ఒరేయ్, పట్టండ్రా! అమ్మగారు తోల్తన్నారు!" అని ఒకడు అరిచాడు. కారు కదిలింది. అంతకు ముందు నేను సైకిలైనా తొక్కలేదు. ఘాటుకి కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, నేను మాత్రం పిచ్చిదానిలా నవ్వుతున్నాను. ఎడ్లబండి నా కోసం పక్కకి తప్పుకుంది! నాలో అంత సరదా ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఎర్ర అంకె ఎనిమిదయింది, తొమ్మిదయింది, బంకు ముందు సున్నాకొచ్చింది.

ఆయన వగరుస్తూ వచ్చి పక్కన నిలబడ్డారు. "ఇంజను ఆగినప్పుడు ఎంతుందోయ్?"

"చూడలేదండీ" అన్నాను. "ఇప్పుడైతే ఐదుంది."

ఆయన వంగి మీటరు చూశారు, తర్వాత నన్ను చూశారు. "మరి షావుకారుకి..."

"రావద్దని చెప్పండి."

ఆ తర్వాత కారెక్కిన ప్రతివాళ్ళకూ, "ఊళ్ళో లీటరుకు ఐదు మైళ్ళండీ, లెక్కల టీచరే సాక్షి" అని చెప్పేవారు. నేను తలూపేదాన్ని. ఆ వారమే నాకు డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టారు. నాకు గేరు మార్చడం ఎప్పటికీ సరిగా రాలేదు. నా చేతిలో అది లీటరుకు మూడు మైళ్ళయినా ఇచ్చి ఉండదు. ఉండదనే అంటున్నాను, ఎందుకంటే నేను నడిపిన రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా సీసా పెట్టి చూడలేదు.